అందించిన మాట

అక్టోబరు 9, గురువారం

రేపు ప్రయాణం. "అందరం కలిసి సముద్రం చూసి ఎన్నాళ్ళైందో" అని అమ్మాయి ఫోనులో ఒకటే పోరు. శని, ఆదివారాలు అక్కడే గడపాలని ఒడ్డున ఒక ఇల్లు మాట్లాడారట. సీజను అయిపోయింది కాబట్టి ఊరంతా మనదేనట. అల్లుడు కారు నడుపుతాడు. వదిన తనూ వస్తానంది. తమ్ముడికి బాగాలేనప్పుడు అక్క లేకుండా విహారమేమిటని ఆవిడ వాదన. ఆవిడకీ నాకూ మొదటి నుంచీ ఉప్పూ నిప్పూ. అయినా రమ్మన్నాను. ఆవిడుంటే ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటారు.

విహారం ఒక్కటే కాదు. అక్కడ ఒక సెంటర్ ఉంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళని కొన్ని నెలలు ఉంచుకుని మళ్ళీ మాటలు నేర్పుతారు. శనివారం చూడడానికి వెళ్తాం. చూడడానికే. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. అక్కడికి వెళ్ళాక చెబుదామని అమ్మాయి అంది, సరేనని నేనన్నాను.

సూట్‌కేసు సర్దాను. ఆయన మందులు, గడ్డం సామాను, పైజామాలు, రెండు ఉన్ని స్వెట్టర్లు, చలికాలపు దుప్పటి. సముద్రపు గాలి మంచిది కాదు.

డైరెక్టరు మళ్ళీ ఫోన్ చేశాడు. కొత్త నాటకం నవంబరులో. "అక్కా, తెర పక్కన నువ్వు లేకపోతే వీళ్ళు సగం డైలాగులు మింగేస్తున్నారు" అన్నాడు. నా కుర్చీలో ఎవరో కొత్త పిల్లని కూర్చోబెట్టారట. ఆ పిల్ల మాట అందిస్తే నటుడికంటే ముందు చివరి వరసకి వినబడుతోందట. చాలా రోజులకి నవ్వొచ్చింది. ఆలోచించి చెబుతానన్నాను.

ఆలోచించడానికి ఏముంది, నా మొహం. ఈయన్ని ఎవరు చూస్తారు?

అక్టోబరు 10, శుక్రవారం

వచ్చాం. ఊరు నిజంగానే ఖాళీ. ఒడ్డున దుకాణాలకి సగం షట్టర్లు దించేసి ఉన్నాయి. ఐస్‌క్రీం బండి మీద పట్టా కప్పి తాడుతో కట్టేశారు. ప్లాస్టిక్ కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి గొలుసు వేశారు. ఎవడెత్తుకుపోతాడని వదిన అడిగింది. మీరు రాత్రికి ఒకటి తెచ్చేస్తారేమోనని అల్లుడన్నాడు. దారంతా వీళ్ళిద్దరిదీ ఇదే గోల.

ఇంట్లో మూడు గదులు. తలుపులు తేమకి ఉబ్బి సగమే మూసుకుంటున్నాయి. దుప్పట్లు ముట్టుకుంటే చల్లగా, కొంచెం జిగటగా ఉన్నాయి. ఆయనకి కిటికీ పక్క మంచం ఇచ్చాం.

సాయంత్రం ఆయన్ని నీళ్ళ దాకా నడిపించాను. కుడికాలు ఈడుస్తున్నారు గాని, ఇసుకలో నాకంటే నయంగా నడిచారు. సముద్రాన్ని చూసి ఎడమ చెయ్యెత్తి "అదీ" అన్నారు. వేసవిలో పక్షవాతం వచ్చాక ఆయనకి మిగిలిన మాట దాదాపు అదొక్కటే. టీ కావాలన్నా అదీ, టీవీ ఆపమన్నా అదీ, నా మీద విసుక్కున్నా అదీ. సంతోషంగా అనడం మాత్రం ఈ రోజే విన్నాను. ఎప్పుడో మేం కొత్తగా కలిసినప్పుడు ఆయన రాజు వేషం తీసేసి టీ తాగేటప్పుడు ఇలాగే ఉండేవారు, మనిషి మొత్తం తేలిగ్గా.

భోజనం దగ్గర ఏదో చెప్పబోయారు. "నీ... నీ..." అన్నారు. "నీళ్ళు" అన్నాను. "నీళ్ళు" అన్నారు. ఎంత స్పష్టంగా అన్నారో. అమ్మాయి మురిసిపోయింది. గ్లాసు పక్కకి జరిపాను. అది నిండుగానే ఉంది. తాగారు.

అక్టోబరు 11, శనివారం

పొద్దున సెంటర్‌కి. తెల్ల గోడలు, వరండా, వరండాకి ఎదురుగా సముద్రం. లోపల మనుషులు చిన్న చిన్న బల్లల దగ్గర కూర్చుని, చదువుకునే పిల్లల్లా ఫోటోలూ వస్తువులూ ముందు పెట్టుకుని ఉన్నారు. మాటల టీచరు మా అమ్మాయి కంటే చిన్నది. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి ఒక దువ్వెన చూపించింది. ఇదేంటండీ అని అడిగి, ఊరుకుంది.

ఊరుకోవడమంటే అలాంటిలాంటి ఊరుకోవడం కాదు. గోడ గడియారం వినబడుతోంది. ఆయన పెదవులు కలుస్తున్నాయి, విడుతున్నాయి. నుదుటి మీద చెమట. చూడలేకపోయాను. వెనక నుంచి "దువ్వెన" అన్నాను.

"దువ్వెన" అన్నారాయన వెంటనే.

టీచరు నవ్వుతూనే నన్ను బయట కూర్చోమంది. తర్వాత వరండాలోకి వచ్చి చెప్పింది: ఆయన విన్న మాట తిరిగి అనగలరట, అది సులువట. తన మాట తను వెతుక్కోవడమే కష్టమట. వెతుక్కునేటప్పుడు ఎవరైనా అందిస్తే వెతకడం మానేస్తారట. ఇంట్లో ఎవరు ఎక్కువ అందిస్తారని అడిగింది. అమ్మాయీ అల్లుడూ నేల చూశారు.

నా ఉద్యోగమేంటో ఈ పిల్లకి ఎవరు చెప్పాలి? ఇన్నేళ్ళుగా తెర పక్కన చిన్న దీపం కింద కూర్చుని, మతిమరుపు మహారాజులందరికీ మాట అందించినదాన్ని. అందరిలో ఎక్కువసార్లు అందుకున్నది ఈయనే. కత్తి దూసి నిలబడి, మాట మర్చిపోయి, తల ఇంత కూడా తిప్పకుండా, కనుకొసతో నా వైపు చూసేవారు. నేను మొదటి మాట వదిలేదాన్ని. మిగతాదంతా ఆయన గర్జించేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. అందులో సగం నావి అని నేనెప్పుడూ అనుకోలేదు. అనుకున్నాను, ఒకటి రెండుసార్లు.

మధ్యాహ్నం ఒడ్డున సిమెంటు గట్టు మీద కూర్చున్నాం. ఎండ ఉంది గాని వెచ్చగా లేదు. అప్పుడు అమ్మాయి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని అంతా చెప్పింది. పొద్దున చూసింది ఎందుకో, కొన్ని నెలలు ఇక్కడ ఉంటే మాట తిరిగి రావచ్చని, రాకపోవచ్చు కూడా అని. వదిన మొదటిసారి నోరు మూసుకుని కూర్చుంది.

"నాన్నా, నువ్వే చెప్పాలి. ఇష్టం లేకపోతే ఇప్పుడే ఇంటికి వెళ్ళిపోదాం" అంది అమ్మాయి.

ఆయన నన్ను చూడలేదు. సముద్రం వైపు చూశారు. "నేను..." అన్నారు. ఆగారు. మళ్ళీ "నేను..." అన్నారు.

"ఇక్కడే ఉంటాను" అన్నాను నేను. పక్కనే కూర్చున్నాను కాబట్టి, మెల్లగా.

"నేను ఇక్కడే ఉంటాను" అన్నారు.

ఆ గొంతు! పూర్తి వాక్యం, ఒక్క అక్షరం జారకుండా, చివరి వరసకి వినబడేలా. అమ్మాయి ఏడ్చేసింది. అల్లుడు చప్పట్లు కొట్టాడు. వదిన ఒక్కతే ఆయన్ని కాకుండా నన్ను చూస్తోంది.

ఇరుక్కుపోయారు, సాయం చేశాను. అంతే.

అక్టోబరు 12, ఆదివారం

అప్పగించి వచ్చాం. సెంటర్ వాళ్ళు ఇచ్చిన గదిలో సూట్‌కేసు తెరిచి బట్టలు బీరువాలో పెట్టాను. స్వెట్టర్లు, దుప్పటి. ఆయన మంచం మీద కూర్చుని నేను తీస్తున్న ప్రతిదాన్నీ చూస్తున్నారు. రెండు రోజులకని వచ్చినవాళ్ళకి చలికాలపు దుప్పటి ఎందుకని ఆయన అడగలేదు. అడగగలిగితే కదా. నేనే, "ముందు జాగ్రత్తకి తెచ్చాను, మంచిదే అయింది చూశారా" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా మాట నాకే.

మొదటి మూడు వారాలూ ఇంటివాళ్ళు రాకూడదట, ఫోను కూడా వద్దట. నియమం. టీచరు చెబుతుంటే బాధపడ్డట్టు మొహం పెట్టాను. బాధే పడ్డాను.

వరండా దాకా వచ్చారు. చెయ్యి ఊపలేదు. ఎడమ చేత్తో వరండా కమ్మీ పట్టుకుని ఉన్నారు, వదిలితే పడిపోతారు కదా.

అమ్మాయి కారులో ముందు కూర్చుంది, నేనూ వదినా వెనక. మధ్యలో నా బ్యాగు పెట్టుకున్నాం. దారిలో రెండుసార్లు అల్లుడు వదినని కదిపాడు, నిద్ర వస్తోందంది.

అక్టోబరు 13, సోమవారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఎన్నాళ్ళకో ఒకే మెలకువలో తెల్లారింది. హాయిగా ఉంది.

అక్టోబరు 14, మంగళవారం

హాయిగానే ఉంది.

అక్టోబరు 16, గురువారం

రిహార్సలుకి వెళ్ళాను. హాల్లోకి అడుగు పెట్టగానే అందరూ లేచారు. డైరెక్టరు నా కుర్చీ తనే తుడిచాడు. ఆయన గురించి అడిగినవాళ్ళందరికీ ఒకే సమాధానం చెప్పాను: తనే ఉంటానన్నారు, స్వయంగా, గట్టిగా. చెప్పినకొద్దీ బాగా కుదురుతోంది ఆ మాట.

కొత్త పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. నేర్చుకోనీ అన్నాడు డైరెక్టరు. మంచి పిల్లే, తొందరెక్కువ. నటుడు ఒక్క క్షణం ఆగితే చాలు, వాక్యమంతా అప్పజెప్పేస్తోంది. నేను చెప్పాను: ఆగిన ప్రతివాడూ మర్చిపోయినవాడు కాదమ్మా. నోరు చూడకు, ఊపిరి చూడు. మర్చిపోయినవాడి ఊపిరి బయటికి పోతుంది, భుజాలు దిగుతాయి. చెప్పబోయేవాడి ఊపిరి లోపల ఉంటుంది, ఛాతీ నిండుగా ఉంటుంది. వాడికి అందించకు, వాడి దగ్గర మాట ఉంది. అందించాల్సి వచ్చినా మొదటి మాటే, అంతకు మించి ఒక్కటీ ఇవ్వకు.

ఆ పిల్ల నోరు తెరుచుకుని వింది. బాగా చెప్పానని నాకే అనిపించింది. చెప్పాక నీళ్ళు తాగి రావలసి వచ్చింది.

మూడో అంకంలో హీరో ఆగాడు. అందరూ నా వైపు చూశారు. నేను అతని భుజాలు చూస్తున్నాను. దిగాయి, స్పష్టంగా దిగాయి. మాట నా నాలుక మీద ఉంది. రాలేదు. హీరో కత్తి పట్టుకుని నిలబడి, నిలబడి, చివరికి "అక్కా, బతికున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అక్టోబరు 18, శనివారం

ఈ రోజు రిహార్సలుకి వెళ్ళలేదు. తలనొప్పి.

అక్టోబరు 19, ఆదివారం

వదిన వచ్చింది. చెప్పా పెట్టకుండా, పావు కిలో ద్రాక్ష పట్టుకుని. ఒక్కొక్కటీ తుంచి తనే తింటూ లోకాభిరామాయణం అంతా అయ్యాక, కాయల మీద నుంచి చూపు ఎత్తకుండానే అడిగింది.

"ఆ రోజు మా తమ్ముడు అన్న మాట మా తమ్ముడిదా, నీదా?"

నేను లేచాను. ఇన్ని నెలలు ఆయనకి స్నానం చేయించింది ఎవరు, రాత్రిళ్ళు లేచింది ఎవరు, విసిరికొట్టిన కంచం తీసి నేల తుడిచింది ఎవరు, అప్పుడెక్కడున్నారు ఈ అక్కగారు అని కడిగేశాను. ఆవిడ ఒక్కదానికీ కాదనలేదు. అవునమ్మా, నిజమే, అవునమ్మా అంటూనే వింది. కాదనని మనిషితో ఎంతసేపని పోట్లాడతాం?

"అలసిపోయావు సరే, అక్కడ ఉంచేద్దామని నీ నోటితోనే చెప్పాల్సింది. వాడు వినేవాడు. వాడి నోట్లో పెట్టావెందుకే?" అంది వెళ్తూ.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా పెదవి దాటి ఆయన పెదవి కూడా దాటింది. అదే నా తెలివి.

అక్టోబరు 20, సోమవారం

ఊపిరి లోపలే ఉంది.

అక్టోబరు 21, మంగళవారం

నిన్న ఒక్క ముక్క రాసి పుస్తకం మూసేశాను. నాకోసం రాసుకునేదానికి కూడా భయమేమిటి? రాస్తాను.

గట్టు మీద ఆయన రెండోసారి "నేను" అన్నప్పుడు ఛాతీ నిండి ఉంది. భుజాలు పైకి ఉన్నాయి. నేను చూశాను. ఎన్ని నాటకాల్లో చూసిన ఊపిరి అది, చీకట్లో కూడా పోల్చుకోగలను. ఆయన ఇరుక్కుపోలేదు. మాట దొరికింది, పెదవి దాకా వచ్చింది. అది ఏ మాటో తెలియక, తెలుసుకోవడానికి భయపడి, నాది ముందుకి తోశాను. ఉండనంటారని భయం. ఇంటికెళ్దాం అంటారని భయం. మళ్ళీ సూట్‌కేసు కట్టి, మళ్ళీ ఆ కంచం, ఆ గది, "అదీ, అదీ"... నాకు చాతకాలేదు. ఇంటికి రావద్దనుకున్నాను. నా భర్త ఇంటికి రావద్దనుకున్నాను.

ఆయన నేనిచ్చింది అందుకున్నారు. ఎప్పుడూ అందుకునేవారు కదా. నేను తప్పు మాట ఇస్తానని ఆయన ఊహించి ఉండరు. ఒక్కసారీ ఇవ్వలేదు మరి.

ఉంటానని చెప్పడానికే ఆ ఊపిరి తీసుకున్నారేమో కూడా. అదైతే అన్నీ సరిపోతాయి. అదేనేమో.

అక్టోబరు 22, బుధవారం

సెంటర్‌కి ఫోన్ చేశాను. మా వారిని తీసుకెళ్ళిపోతాం, పొరపాటైంది అన్నాను. టీచరు అంతా విని, మూడు వారాలు కానివ్వండి, తర్వాత మీరే వచ్చి ఆయన్ని అడగండి, ఆయన ఏం చెబితే అది చేద్దాం అంది. కొంచెం గట్టిగానే మాట్లాడాను, నేను భార్యనని. ఆమె ఆగింది. ఆ పిల్ల ఆగడం ముందు ఎవరి గొంతూ లేవదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే కదా, పట్టుకోవడానికి ఆకులు కూడా ఇవ్వడం లేదు.

అమ్మాయికి చెప్పేశాను. "నాన్న గొంతు విని ఎంత పొంగిపోయానమ్మా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబరు 25, శనివారం

డైరెక్టరుకి ఈ నాటకానికి రానని చెప్పాను. కొత్త పిల్ల సరిపోతుందన్నాను. ఆయన గది దులిపి, మంచం కిటికీ పక్కకి జరిపించాను. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ వేయించాను. ఈసారి బాగా చూసుకుంటాను. విసుక్కోను. మాట అందించను, నాలుక కొరుక్కునైనా ఊరుకుంటాను.

నవంబరు 2, ఆదివారం

బస్సులో ఒక్కదాన్నే వెళ్ళాను. అమ్మాయి తోడు వస్తానంటే వద్దన్నాను. ఊరు ఇంకా ఖాళీ అయింది, ఆ కుర్చీలు కూడా లోపలికి తీసేశారు.

ఆయన వరండాలో ఉన్నారు. నా స్వెట్టరు, అంటే నేను తెచ్చిన స్వెట్టరు, వేసుకున్నారు. బొత్తాలు ఎవరు పెట్టారో తెలియదు, ఒకటి తప్పింది. నన్ను చూసి నవ్వారు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

నేనే ముందు అంతా చెప్పాను. గట్టు, అమ్మాయి అడిగింది, నేను అందించింది, ఎందుకు అందించానో. ఒక్కటీ దాచలేదు. ఏడ్చాను కూడా, పక్క బల్ల దగ్గరి ముసలాయన లేచి లోపలికి వెళ్ళిపోయేంత. "అప్పుడు మీరేం చెప్పబోయారు?" అని అడిగాను.

ఆయన ఆలోచించారు. నేను ఊరుకున్నాను. ఎంతసేపో తెలియదు. సముద్రం మీద ఒక పడవ ఇటు నుంచి అటు పోయింది.

"ఏ... రోజు?" అన్నారు.

నాకు నిద్ర లేకుండా చేసిన ఆ రోజు ఆయనకి గుర్తే లేదు. నాటకం అయిపోయాక డైలాగు మర్చిపోయినట్టు మర్చిపోయారు. లేదా, గుర్తుండీ నన్ను వదిలేశారు. ఆ మాట ఏదో ఇక నాకు ఎప్పటికీ తెలియదు.

సరేలెండి, పోనివ్వండి అన్నాను. కళ్ళు తుడుచుకుని, మంచం ఎలా జరిపానో, కమ్మీ ఎక్కడ వేయించానో చెప్పాను. నాటకం మానేశానని చెప్పాను. "ఇంటికి వెళ్దాం. వస్తారా?" అన్నాను.

ఆయన ఛాతీ నిండింది. "వస్తాను" అనే మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. పళ్ళ మధ్య పట్టుకున్నాను. ఆయన వరండా కమ్మీ వైపు చూశారు, తర్వాత నా చేతుల వైపు, తర్వాత నా మొహం.

"రాను" అన్నారు.

కోపం లేదు అందులో. వేషం గొంతు కూడా కాదు. కొంచెం బొంగురుగా, కొంచెం నత్తిగా, నేను ఎప్పుడూ వినని గొంతు. ఇంకా ఏదో ఉందని తెలిసి ఊరుకున్నాను. చాలాసేపటికి వచ్చింది, ముక్కలు ముక్కలుగా.

"ఇక్కడ... నా కోసం... ఆగుతారు."

సరే అన్నాను. ఇంకేమంటాను? బొత్తం సరిచేద్దామని చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను. కాసేపు అలాగే కూర్చున్నాం. ఇన్నేళ్ళ కాపురంలో మేమిద్దరం ఏమీ మాట్లాడుకోకుండా అంతసేపు కూర్చున్నది లేదు. నా సంగతి తెలిసిందేగా.

టీచరు వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమన్నారండీ?" అని నన్నే అడిగింది.

ఆయన్నే అడగండి అన్నాను. ఆమె వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన మళ్ళీ ఊపిరి తీసుకున్నారు. నేను బ్యాగు తీసుకుని, బస్సుకి టైమైందని మెట్లు దిగేశాను. టైము కాలేదు. ఆ మాట రెండోసారి వినే ధైర్యం నాకు లేదు.